అమ్మ సిమ్ము

"మా అమ్మ పిన్ను మూడుసార్లు తప్పు కొట్టింది చెల్లెమ్మా. ఆపైన ఫోను పీయూకే ఏదో అడిగితే తోచిన అంకెలన్నీ కొట్టేసింది. ఇప్పుడు అసలు సిమ్మే లేదంటోంది."

నీలం చొక్కా ఆయన, ముందు నిలబడ్డ ఇద్దరినీ దాటుకుని, కౌంటరు మీద మోచేతులాన్చి మరీ చెప్పాడు. వరసలో నిలబడేవాడికి వరసే మిగులుతుంది, నోరున్నవాడికి పనవుతుంది. లోకం తీరే అంత. ఆ ఇద్దరూ ముందు గొణిగారు గానీ, "మా అమ్మకి ఆపరేషను" అన్న మాట చెవిన పడగానే తప్పుకుని దారిచ్చారు.

సెల్‌ఫోన్ల కొట్టు నడిపే ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది.

"పిన్ను తప్పితే సిమ్ముకి తాళం పడుతుంది సార్. పీయూకే దానికి మారు తాళంచెవి, కంపెనీని అడిగితే ఇస్తారు. దాన్నీ పదిసార్లు తప్పు కొడితే ఇక ఆ తలుపు తెరుచుకోదు. సిమ్ము చచ్చినట్టే."

"చచ్చినదాన్ని బతికించమనట్లేదు తల్లీ. అదే నంబరుతో కొత్తది ఇప్పించండి."

"పాతది తెచ్చారా?"

"విసుగొచ్చి చెత్తబుట్టలో విసిరేసింది. పెద్దవాళ్ళతో వేగడం మీకు తెలీనిదా?"

"బాగా తెలుసు," అని నవ్విందావిడ. "కానీ నంబరు ఎవరి పేరున ఉందో వాళ్ళే రావాలి. ఫోటో తీసుకోవాలి. రూలు."

"కాలు కింద పెట్టలేని మనిషిని భుజాన వేసుకు రమ్మంటారా? రేపు పొద్దున్నే ఆపరేషను. ఉన్న డబ్బంతా బ్యాంకులో ఉంది. తీయాలంటే బ్యాంకువాళ్ళు పంపే అంకెలు ఆ నంబరుకే వస్తాయి. సాయంత్రంలోగా కట్టకపోతే..."

జేబురుమాలు తీసి కళ్ళదాకా తీసుకెళ్ళి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఎక్కడ ఆపాలో తెలిసిన మనిషి.

"ఇన్ని కొట్లుండగా ఇక్కడికే వచ్చారేం సార్?"

"సిమ్ము ఇక్కడే తీసుకుందట. మీ దగ్గరికే వెళ్ళమని మరీ మరీ చెప్పింది. పాత వివరాలన్నీ ఉంటాయి, పని తేలిక అని."

"అమ్మలు ఊరికే చెప్పరు. నంబరు చెప్పండి."

చెప్పాడు. కీబోర్డు మీద ఆమె వేళ్ళు ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలాయి.

"ఇందులో వేరేగా ఉంది సార్. ఫోను పోయిందని ఎవరో చెప్పి, ఇవాళే నంబరు బ్లాకు చేయించారు."

"నేనే చేయించాను," అన్నాడు తొణక్కుండా. "పారేసిన సిమ్ము ఎవడి చేతికి చిక్కుతుందో ఎవరికి తెలుసు? రోజులు బాగాలేవు చెల్లెమ్మా. ఎక్కడ చూసినా మోసగాళ్ళే."

"నిజమే సార్. మన జాగ్రత్తలో మనం ఉండాలి."

ఆమె పుట్టిన తేదీ అడిగింది. చెప్పాడు. చిరునామా అడిగింది. తలుపు నంబరుతో సహా చెప్పాడు. పెద్దావిడ పుట్టింటివాళ్ళ ఇంటిపేరు అడిగితే అదీ తడుముకోకుండా చెప్పాడు. వెనక నిలబడ్డ ముసలాయన ఉండబట్టలేకపోయాడు.

"కొడుకంటే ఇలా ఉండాలి! మావాడికి నా పుట్టినరోజు మాట దేవుడెరుగు, నా పేరైనా గుర్తుందో లేదో."

నీలం చొక్కా వినయంగా తల వంచుకున్నాడు.

"ఆఖరి ప్రశ్న సార్. ఆ ఫోను నుంచి తరచూ ఎవరికి చేస్తుంటారో, ఒక నంబరు చెప్పండి."

పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. "రోజూ దీనికే చేస్తుంది."

"ఎవరిది?"

"మా చెల్లెలిది."

ఆమె కళ్ళజోడు మీదుగా అతన్ని తేరిపార చూసింది. "చెల్లెలంటే మీకు ప్రాణమనుకుంటాను."

"కాదా మరి! ఈ చేతులతో ఎత్తుకు పెంచాను."

"అయితే మీ పని అయిపోయినట్టే అన్నయ్యా. కూర్చోండి."

సారు పోయి అన్నయ్య వచ్చింది. నీలం చొక్కా లోలోపలే మీసం దువ్వుకున్నాడు. ఎంత గట్టి రూలైనా మెత్తటి మాట దగ్గర వెన్నలా కరగాల్సిందే. ఇలాంటి కౌంటర్లు అతనికి కొత్తా?

ఆమె బల్ల మీది ల్యాండ్‌ఫోను అందుకుంది. "రూలు దాటుతున్నాం కదా, పైవాళ్ళ చెవిన వేయాలి" అని అతనితో అని, ఫోనులో చెప్పింది. "సార్, ఒక పెద్దావిడ సిమ్ము విషయం. కొడుకుగారే స్వయంగా వచ్చారు. మీరొకసారి వచ్చి చూసుకుంటే మిగతా పని అయిపోతుంది."

ఫోను పెట్టేసి కబుర్లలోకి దింపింది.

"అమ్మగారికి ఏ కాలు అన్నయ్యా?"

"కుడి... కుడి మోకాలు."

"అయ్యో. మెట్ల మీద జారారా?"

"మెట్ల మీదే. వద్దు వద్దంటున్నా ఎక్కుతుంది."

"మొండి మనిషన్నమాట."

"మొండే గానీ, మనసు వెన్న. ఎవరేం చెప్పినా నమ్మేస్తుంది పిచ్చిది."

ఆమె కౌంటరు అద్దాన్ని గుడ్డతో తుడుస్తూ, తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

కాసేపటికి ఇద్దరు మనుషులొచ్చారు. పొట్టి క్రాపు, బరువైన బూట్లు. ఒకడు కౌంటరు దాకా వచ్చాడు, రెండోవాడు తలుపు మూసి దానికే ఆనుకుని నిలబడ్డాడు.

"కంపెనీవాళ్ళా?" అన్నాడు నీలం చొక్కా లేచి.

"మీ పని మీదే వచ్చారు అన్నయ్యా."

"చూడండి సార్, అడిగినవన్నీ పొల్లు పోకుండా చెప్పాను. త్వరగా ఇప్పించండి. అక్కడ అమ్మ ఎదురుచూస్తుంటుంది."

"ఒక్కటే మిగిలింది," అందామె. "మీ చెల్లెలితో ఒక మాట చెప్పిద్దాం."

"పనిలో ఉంటుంది. ఎత్తదు."

"చూద్దాం."

ల్యాండ్‌ఫోను మీద, అతను చెప్పిన అంకెలే ఒక్కొక్కటిగా నొక్కింది.

ఆమె చేతిసంచిలో సెల్‌ఫోను మోగింది.

దాన్ని తీయలేదు. మోగనిస్తూనే, నీలం చొక్కా కళ్ళలోకి చూసి నెమ్మదిగా అంది.

"మా అమ్మకి నేనొక్కదాన్నే అన్నయ్యా."