గిన్నె పడింది

తనిఖీకి వచ్చిన అధికారిణి వెనక బెంచీలో, మూడో తరగతి పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. మాస్టారి కథల పాఠం గురించి ఆ నోటా ఈ నోటా విని, స్వయంగా చూద్దామని వచ్చారు. నచ్చితే మిగతా బడుల టీచర్లకు కూడా ఆయన చేతే చెప్పించాలని ఆవిడ ఆలోచన. ఆ కబురు మాస్టారి చెవిన ముందే పడింది. అందుకే చొక్కా ఇస్త్రీ నలగలేదు.

ఆయన బోర్డు మీద రాశారు: "పిల్లి వచ్చింది. పాలు తాగింది. పారిపోయింది."

ఎక్కిళ్ళు పట్టినవాడు కథ చెప్పినట్టు లేదూ అని అడిగారు. పిల్లలు ఘొల్లుమన్నారు. ఒకడు ఎక్కిళ్ళు తెచ్చుకుని మరీ చూపించాడు. మాస్టారు కోప్పడలేదు. ఆయన గొంతు ఎప్పుడూ పక్క గదికి వినబడదు.

మూడు వాక్యాలనూ కలిపారు. పిల్లి వచ్చి, పాలు తాగి, పారిపోయింది. తర్వాత తిరగేశారు. పాలు తాగి పారిపోయిన పిల్లి మళ్ళీ వచ్చింది. మాటలు అవే, చోటు మారేసరికి పిల్లికి ప్రాణం వచ్చిందని పిల్లలే ఒప్పుకున్నారు.

ఇక మీ కథలు చదవండన్నారు. చేతులు లేచాయి. ఒకడి కోతి చెట్టెక్కుతూ జారింది. ఒకమ్మాయి కథ వానలో తడిసిన గొడుగుతో మొదలైంది. వెనక బెంచీలో అధికారిణి తల ఊపుతూనే ఉన్నారు.

"కిటికీ పక్కన కూర్చున్న పాపను కూడా చదవమనండి," అన్నారు.

మాస్టారు ఒక్క క్షణం తటపటాయించారు. ఆ పాపను ఆయన క్లాసులో అంతగా లేపరు. కానీ పెద్దావిడ మాట. చదవమని సైగ చేశారు.

పాప లేచి గబగబా చదివింది. "ఎలుగుబంట్ల ఇల్లు ఉంది. గిన్నె పడింది. తలుపు పడింది. లైటు ఆరిపోయింది. అమ్మ ఎలుగు పని చేసింది. పిల్ల ఎలుగు పడుకుంది."

మళ్ళీ ఎక్కిళ్ళు అన్నాడు ఇందాకటివాడు. అధికారిణి కూడా నవ్వేశారు. ఆ నవ్వు చూసి మాస్టారికి హుషారు వచ్చింది. ఇంతకన్నా మంచి అవకాశం దొరకదనుకున్నారు. చెడ్డ వాక్యాన్ని అందరి ముందే మంచి వాక్యంగా మార్చి చూపించవచ్చు.

"గిన్నె దానంతట అదే పడుతుందా? ఆ పని ఎవరు చేశారో ముందు పెట్టి చెప్పు."

పాప నోటుపుస్తకం మూల మడతపెట్టింది.

"చెప్పు, ఫరవాలేదు. కథేగా."

"నాన్న ఎలుగు గిన్నె విసిరేసింది సార్."

పిల్లలు నవ్వారు. మాస్టారు నవ్వలేదు. చాలు, కూర్చోమన్నారు.

"అదేమిటండీ, ఇప్పుడే కదా దారిలో పడింది," అన్నారు అధికారిణి. పాప వైపు తిరిగి, సార్ చెప్పినట్టు వాక్యాలన్నీ కలిపి చెప్పమ్మా అని బుజ్జగించారు.

పాప కాసేపు పెదవులు కదుపుతూ మాటలు పేర్చుకుంది. పాఠం ఆమెకు బాగానే ఒంటబట్టింది.

"నాన్న ఎలుగు గిన్నె విసిరేసి, తలుపు ధడాలున వేసి వెళ్ళిపోతే, అమ్మ ఎలుగు లైటు ఆర్పేసి, చీకట్లో కూర్చుని మెతుకులు ఏరింది." ఊపిరి పీల్చుకుంది. తర్వాత తిరగేసింది. "పడుకున్న పిల్ల ఎలుగు పడుకోలేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే తలలు తిప్పారు. పాప వైపు కాదు, మాస్టారి వైపు.

ఆయన బోర్డు వైపు తిరిగి డస్టర్ అందుకున్నారు. ఏమీ రాయని చోటే తుడుస్తూ ఉండిపోయారు. చెవులు చివరల దాకా ఎర్రబడ్డాయి. భూమి విచ్చుకుంటే బాగుండునని చిన్నపిల్లాడిలా అనుకున్నారు. పాపను బాగుందని మెచ్చుకోవాలి. డస్టర్ మాత్రం ఆగలేదు.

ఆఖరి గంట కొట్టారు. పిల్లలు బిలబిలమంటూ బయటపడ్డారు. పాప మాత్రం పుస్తకాలు నెమ్మదిగా సర్దుకుంటోంది.

అధికారిణి మాస్టారి దగ్గరికి వచ్చారు. పాఠానికి వంక పెట్టడానికి లేదన్నారు. మిగతా బడుల సంగతి తర్వాత మాట్లాడుకుందామన్నారు. ఆయన తల వంచుకునే విన్నారు. అందరి ముందూ ఆ పిల్లను అలా గుచ్చి అడిగినందుకు సిగ్గుపడుతున్నారనుకుని ఆవిడ ఓదార్చబోయారు.

"మీ తప్పేం లేదు మాస్టారూ, నేనే కదా బలవంతపెట్టాను. ఆ పిల్ల తండ్రిని మాత్రం ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడండి. మీలాంటి నెమ్మదైన మనిషి చెప్తే వింటాడు."

ఆయన చేతికంటిన సుద్దపొడి దులుపుకున్నారు.

"సాయంత్రం పిల్లను తీసుకెళ్ళడానికి వస్తాడా?" అని ఆవిడ అడుగుతుండగానే, పాప సంచి భుజాన వేసుకుని వచ్చి, మాస్టారి చిటికెన వేలు పట్టుకుని, "ఇంటికి వెళ్దామా నాన్నా?" అంది.