జబ్బు పేరు

"నీకు ముప్పై నిండలేదు. పక్కకు జరుగు" అంది నర్సు కరుణాకుమారి, ఆధార్ కార్డు వెనక్కి ఇచ్చేస్తూ.

అబిగయీలు జరగలేదు. ఆమె చంకలో రెండేళ్ల కూతురు, రెండో చేతిలో తువ్వాలులో చుట్టిన పెద్ద బైబిలు. జువ్వలదిన్నె చర్చి ఆవరణలో ఆగిన క్యాన్సర్ పరీక్షల బండి అది. బ్యానరు మీద ఏమని రాసి ఉన్నా ఊళ్లో అందరూ దాన్ని ఆడోళ్ల బండి అనే అంటున్నారు. వెనక వరసలో ఇంకా ఇరవై మంది దాకా ఉన్నారు. వరసలో నిలబడకుండా కోడలి కొంగు పట్టుకుని లాగుతున్నది అత్త ఎలిశబెతు ఒక్కతే.

పొద్దుటి నుంచీ ఆమెది ఒకటే పోరు. పాలు తాగే బిడ్డ తల్లికి ఏం జబ్బు వస్తుందని, సముద్రం మీద వేటకు పోయిన కొడుకు బెన్హరు తిరిగొచ్చి అడిగితే ఏం చెప్పాలని, పరాయివాళ్ల ముందు రవికె విప్పడమేమిటని. ఇప్పుడు నర్సమ్మే కాదన్నది కాబట్టి ఆమెకు బలం వచ్చింది.

"ఇన్నావు గదా. లేని జబ్బును పిలిచి పీటేస్తావా ఏంది? ఇంటికి నడువు మే."

అబిగయీలు నర్సు వైపే చూస్తూ, "ఇరవై ఆరేళ్లకు నాకు రాదని కాయితం మీద రాసియ్యండి సిస్టర్. పోతాను" అంది.

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. కరుణాకుమారి నవ్వలేదు. ఈ నియమం తాను పెట్టింది కాదని, ఇంట్లో ఎవరికైనా ఉన్నట్టు ఆధారం ఉంటే చూపించమని విసుగ్గా చెప్పింది.

అబిగయీలు బైబిలు తెరిచింది. పాత నిబంధనకూ కొత్త నిబంధనకూ మధ్య పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు రాసుకునే పేజీ. అది ఆమె పుట్టింటి బైబిలు. కరుణాకుమారి వేలితో ఒక్కో పేరూ చూసింది. అవ్వ, నలభై ఒకటి. పెద్దమ్మ, ముప్పై ఎనిమిది. అమ్మ, ముప్పై ఆరు. మూడు పేర్ల పక్కనా 'ప్రభువునందు నిద్రించెను' అని ఒకే మాట.

"అందరూ నిద్రించినారని ఉంది. ఏ జబ్బని యాడా లేదే. డాక్టరమ్మకు నేనేమని చెప్పేది?"

 అబిగయీలు పుట్టింట్లో ఎవరు పోయినా జబ్బు పేరు రాయలేదు. రాయడం అటుంచి, పైకి అనను కూడా అనలేదు. అడిగినవాళ్లకు జ్వరమని చెప్పేవాళ్లు.

బిడ్డను అత్త చేతుల్లో పెట్టింది. బల్ల మీద ఉన్న నర్సు పెన్ను తీసుకుంది.

"దేవుని పుస్తకంలో పిచ్చి రాతలు రాయొద్దు మే" అని అత్త చెయ్యి అడ్డం పెట్టబోయింది. చంకలో బిడ్డ ఉండి చెయ్యి ఆడలేదు.

అబిగయీలు వంగి రాయడం మొదలుపెట్టింది. ఎనిమిదో తరగతితో ఆగిన చేతిరాత. అక్షరం అక్షరం కూడబలుక్కుని, బడిపిల్లలా పైకి అంటూ రాసింది.

"అవ్వ. రొమ్ము క్యాన్సర్. పెద్దమ్మ. రొమ్ము క్యాన్సర్."

మూడో పేరు దగ్గర పెన్ను ఆగింది. వరసంతా చెవులు అప్పగించి నిలబడి ఉంది.

"అమ్మ. రొమ్ము క్యాన్సర్. రవికె లోపల గుడ్డలు పెట్టుకుని ఏడాది దాచింది. ఆ గుడ్డలు ఉతికింది నేనే." పేజీని నర్సు వైపు తిప్పింది. "ఇప్పుడు చదవండి సిస్టర్."

కరుణాకుమారి పేజీ చదివింది. బైబిలు తీసుకుని బండెక్కింది. వరసలో ఒకామె నేల చూస్తూ, "మా అక్కకూ అదే" అంది. ఇంకొకామె తన మేనత్త పేరు చెప్పింది.

డాక్టరమ్మ స్వయంగా దిగి వచ్చింది. ముప్పై అన్న లెక్క అందరికని, ఇట్లాంటి ఇళ్లలో అందరికంటే చిన్న వయసులో జబ్బు పడ్డామె వయసుకు పదేళ్లు ముందు నుంచే చూసుకోవాలని చెప్పింది. అబిగయీలు అమ్మ ముప్పై ఆరులోంచి దాచిన ఏడాదిని తీసేసి, వేళ్ల మీద లెక్కేసి, అయితే తాను ఇప్పటికే ఒక ఏడాది వెనకబడినట్టని అంది.

"ఎంతవరకు చదువుకున్నావమ్మా?"

"ఎనిమిది."

"అడిగి అడిగి రాబట్టుకోవలసిన సంగతంతా ఒక్క పేజీలో ఇచ్చినావు."

డాక్టరమ్మ ఆ మాట తనతో అనకపోయినా ఎలిశబెతు కొంగు సర్దుకుని, "మా కోడలండీ" అంది. ఆ సాయంత్రానికి డాక్టరమ్మ మెచ్చుకున్న సంగతి హార్బరు దాకా పాకింది. వారం తిరక్కముందే నెల్లూరులో పెద్ద స్కానింగు కూడా అయింది. అప్పుడు బిడ్డను ఎత్తుకుని బస్సెక్కింది ఎలిశబెతే.

తర్వాత నాలుగు రోజులకు, మిట్టమధ్యాహ్నం, అబిగయీలు వాళ్ల వాకిట్లో కరుణాకుమారి ఆటో దిగింది. ఒంటి మీద యూనిఫాం లేదు. చేతిలో కవరుంది.

చేపలు తోముతున్న అబిగయీలు ఆ కవరు వైపే చూసింది. మంచి కబురైతే ఫోను చేసేవాళ్లు. ఎలిశబెతు మనవరాలిని ఒళ్లోకి లాక్కుంది.

"ఏమీ లేదు. శుభ్రంగా ఉంది" అంది కరుణాకుమారి గడప దాటకముందే. "ఏడాదికొకసారి చూపించుకో. మానొద్దు."

ఎలిశబెతుకు ఊపిరి వచ్చింది. ఊపిరితోపాటు కోపమూ వచ్చింది. ఈ ముక్క ఫోనులో చెప్పక, ఇంత ఎండలో వచ్చి తమ గుండెలు ఆపడమెందుకని నిలదీసింది.

కరుణాకుమారి మంచినీళ్లు అడిగి, తాగి, అబిగయీలు పక్కనే పీట వాల్చుకుని కూర్చుంది.

"పదకొండేళ్లుగా అందరికీ పరీక్షలు చేయించుకోమని చెప్తుండా. మా అమ్మ దేంతో పోయిందో మాత్రం ఎవరికీ చెప్పలా. ఆ రోజు సాయంత్రం మీరంతా పోయినాక, డాక్టరమ్మకు మా అమ్మ జబ్బు పేరు చెప్పి, నేనూ ఆ మిషను ముందు నిలబడినా అబిగయీలూ. శనగ గింజంత గడ్డ దొరికింది. రేపే నాకు ఆపరేషను."