ఇద్దరికే తెలిసిన కుసె

"ఉరాబే కుసె ఏమిటి?" అని అడిగాడు కామియా.

సెగావా చేతిలోని టీ కప్పు బల్ల మీద పెట్టాడు. బేస్‌బాల్ ఆటకి ఇంకా మూడు గంటలుంది. క్లబ్బులోకి ఎవరిని తెచ్చుకోవాలో, ఎవరిని పంపించెయ్యాలో తేల్చేది ఈ కామియానే.

"బంతి వేసే ప్రతి పిచ్చర్‌కీ ఒక కుసె, ఒక అలవాటు ఉంటుంది సెగావా గారూ. బంతి మార్చేటప్పుడు ఒకడు నాలిక బయటపెడతాడు, ఇంకొకడు మోచెయ్యి ఎత్తుతాడు. ఏ బంతి వెయ్యబోతున్నాడో వాడికి తెలియకుండానే చెప్పేస్తాడు. ఇవాళ మన మీద ఆడే ఉరాబేకి మీ పాత క్లబ్బులో ఆరేళ్లు మీరే నేర్పారు. మీకు తెలియదంటే నమ్మమంటారా?"

"వాడికి కుసె లేదండీ."

"మా పిచ్చర్లకి పాఠాలు చెప్పడానికి మిమ్మల్ని తెచ్చుకున్నామనుకుంటున్నారా? బంతి ఎలా పట్టుకోవాలో ఇప్పుడు యంత్రాలు చెప్తున్నాయి. మీ పాత క్లబ్బు తీసేస్తే మేం తీసుకున్నది ఈ ఒక్కరోజు కోసం. ఇవాళ ఓడితే మన సీజన్ అయిపోయినట్టే." కామియా గొంతు తగ్గించాడు. "మీకెన్నేళ్లు?"

"యాభై ఎనిమిది."

"ఈ వయసులో పిలిచి పనిచ్చే క్లబ్బు ఇంకొకటి ఉందా?"

లేదని సెగావాకి తెలుసు. ఉరాబే కుసె కూడా తెలుసు. చివర్లో కిందికి పడిపోయే ఫోర్క్ బంతికి వేళ్లు వెడల్పుగా పెట్టాలి. ఆ వేళ్లకి చోటివ్వడానికి, ఉరాబే బంతి దాచుకునే గ్లవ్ చిటికెన వేలు వైపు అర అంగుళం తెరుచుకుంటుంది. తిన్నని బంతికి తెరుచుకోదు. రెండు శీతాకాలాలు ఇద్దరూ దాన్ని మాన్పించాలని చూశారు. ఎంత మాన్పించినా ఒత్తిడిలో మళ్లీ వస్తుంది. మూడోవాడికి తెలియదు.

"లేదండీ" అన్నాడు మళ్లీ.

ఆటగాళ్ల గదిలో గోడ మీద దేవుడి అర ఉంది. ఎవరో పొద్దున్నే నీళ్లు మార్చి, ఆకుల కొమ్మ పెట్టారు. సెగావా రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి నిలబడ్డాడు. ఏం అడగాలో తోచలేదు. మన జట్టు గెలవాలని అడిగితే ఉరాబే ఓడాలని అడిగినట్టే. అన్నం పెడుతున్నవాళ్లకి అబద్ధం చెప్పడం పాపమా, చేతుల్లో పెరిగినవాణ్ణి అమ్మేసుకోవడం పాపమా?  చివరికి, ఈ పూటకి నా నోరు కట్టెయ్యి తండ్రీ అని మాత్రం అడిగి వచ్చేశాడు.

బ్యాట్ తుడుచుకుంటున్న ఆటగాడు ముకాయి నవ్వాడు. "కోచ్ గారూ, ఇవాళ మామీద కాస్త జాలి చూపించమని మీ శిష్యుడు ఉరాబేకి చెప్పరూ."

"నువ్వు ముందు బంతిని చూడు."

"కనిపిస్తే చూడనా? వాడి ఫోర్క్ కాళ్ల దగ్గరికొచ్చి మాయమైపోతుంది."

ఆట మొదలైంది. సెగావా బెంచీ చివర కూర్చుని, ఒళ్లో తన నోటు పుస్తకం తెరుచుకుని తల వంచేశాడు. ఉరాబే గ్లవ్ వైపు చూస్తే తన మొహమే చెప్పేస్తుందని భయం. కామియా పైనుంచి తననే గమనిస్తూ ఉంటాడని తెలుసు.

రెండో ఇన్నింగ్స్‌లో ఠంగుమంది. తల ఎత్తకుండానే అర్థమైంది, ఆ బంతి మైదానంలో లేదు. ముకాయి ఒక చుట్టు పరిగెత్తి, ఆయాసపడుతూ వచ్చి పక్కన కూలబడ్డాడు.

"తిన్నగా, నడిమధ్యకి వచ్చిందండీ. పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టు."

తర్వాతివాడూ కొట్టాడు. ఆ తర్వాతివాడూ కొట్టాడు. మూడో ఇన్నింగ్స్ అవకుండానే ఆరు పరుగులు వచ్చేశాయి, ఉరాబేని ఆటలోంచి దింపేశారు. సెగావా పుస్తకంలో ఒక్క గీత కూడా పడలేదు. బెంచీ మీద అందరూ చేతులు చరుచుకుంటున్నారు. భుజం నొప్పిగా ఉందేమో వాడికి, అనుకుంటూ కూర్చున్నాడు ఆయన.

ఆట అయ్యాక కామియా మెట్ల దగ్గర ఆపాడు.

"నిజంగానే కుసె లేదన్నమాట. పోనీలెండి, అది తెలియకుండానే గెలిచాం." చిన్నగా నవ్వాడు. "అంటే, మీరు లేకపోయినా గెలుస్తాం. ఈ సీజన్‌తో చాలు సెగావా గారూ. ఇన్నాళ్లూ శ్రమపడ్డారు."

సెగావా నడుము వంచి నమస్కరించాడు. ఇంటికి వెళ్లి భార్యకి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ బయటి దారిలోకి వచ్చాడు. అయినా లోపల ఎక్కడో తేలిగ్గానే ఉంది. పోతే ఉద్యోగం పోయింది, వాణ్ణి మాత్రం అమ్ముకోలేదు.

దారి మలుపులో ఉరాబే నిలబడి ఉన్నాడు. భుజానికి ఐసు సంచి కట్టుకున్నాడు. టోపీ తీసి వంగాడు.

"నొప్పా?" అన్నాడు సెగావా.

"కాదండీ." అన్నాడు ఉరాబే. "కోచ్ గారూ, నా గ్లవ్ సంగతి మీవాళ్లకి చెప్పలేదా?"

"ఎలా చెప్తానురా?" అన్నాడు సెగావా. "ఇప్పుడే ఉద్యోగం తీసేశారు. అయినా చెప్పలేదు."

ఉరాబే గోడకి ఆనుకున్నాడు. మొహంలో రక్తం లేదు.

"ఇరవై రోజులు అదే సాధన చేశాను. గ్లవ్ తెరిచి తిన్నని బంతి వెయ్యడం. ఫోర్క్ అనుకుని బ్యాట్ ఎత్తకుండా వదిలేస్తారు కదాని అన్నీ నడిమధ్యకే వేశాను" అన్నాడు. "మీరు చెప్పేసి ఉంటారనే నమ్మాను, కోచ్ గారూ."