వ్యోమింగ్ అయితే కనపడదట

వెర్నా క్రెన్షా ఆఫీసు తలుపుకు ఎదురుగా ఉన్న చెక్క కుర్చీలోనే కూర్చుంది. చల్లగాలి తగిలే చోట మెత్తటి సోఫా చూపించినా వద్దంది. బయట కారు ఆగిన చప్పుడైతే చాలు, ఆమె మెడ అటు తిరుగుతోంది.

రోండా అది గమనించింది. ఫ్లోరిడాలో నది ఒడ్డునున్న ఆ చిన్న ఊళ్లో, కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్లకు కంపెనీ కాగితాలు సిద్ధం చేసిపెట్టడం ఆమె పని. వచ్చినవాళ్ల చేతులు చూసి సగం సంగతి చెప్పేయగలదు. వెర్నా వేళ్ల నిండా లావుపాటి సూదులు దిగిన మచ్చలు. పడవలకు గుడ్డ కప్పులు కుడుతుందట. ఇప్పుడా వేళ్లు సంచీ పట్టీని ఊరికే మెలిపెడుతున్నాయి.

"చర్చిలో అందరూ వ్యోమింగ్ పాటే పాడుతున్నారమ్మాయ్. కంపెనీ అక్కడ పెడితే మంచిదటగా?"

"పెట్టేవాళ్లంతా అక్కడికే పోతే, చివరికి ఆ రాష్ట్రంలో మనుషులకు చోటుండదు," రోండా నవ్వింది. "ఇక్కడ కుట్టి ఇక్కడ అమ్మేదానికి అంత దూరం ఎందుకు వెర్నా గారూ? రెండు చోట్లా ఫీజులు. పైగా అక్కడ సముద్రం కూడా లేదు."

వెర్నా నవ్వలేదు. "అక్కడ పెడితే నా పేరు ఎవరికైనా కనపడుతుందా?"

రోండా నవ్వు ఆపేసింది. కిందటేడు అదే కుర్చీలో, మొగుడి నుంచి పారిపోయి వచ్చి, నల్ల కళ్లద్దాలు తీయకుండా కూర్చున్న ఒక ఆడమనిషి ఇదే ప్రశ్న అడిగింది. రోండా లేచి వెళ్లి తీపి టీలో ఐసు వేసి తెచ్చి, వెర్నా ముందు పెట్టింది.

"మిమ్మల్ని ఎవరైనా వెతుకుతున్నారా?"

"వెతుకుతున్నారనే అనుకుంటున్నాను."

"చాలాకాలంగానా?"

"ఈ ఊరికి రాకముందు నుంచీ. తుపానుకు పాత ఇల్లు పోయింది. ఫోన్ నంబరూ పోయింది. మళ్లీ పెళ్లి చేసుకున్నాక ఇంటిపేరు కూడా మారింది. ఎవరైనా వచ్చి అడిగితే ఏం చెప్పాలో పక్కింటివాళ్లకు చెప్పి వచ్చాను. ఇప్పుడు వాళ్లూ లేరు."

రోండా గొంతు తగ్గించింది.

"అయితే ఫీజుల సంగతి వదిలేయండి. వ్యోమింగే మేలు. యజమాని పేరు అక్కడ బయటపెట్టరు. ఇక్కడ నమోదు చేయాల్సి వచ్చినా, ముందు ఆ కంపెనీ పేరు నిలబెట్టి మిమ్మల్ని వెనక ఉంచుతాను. తలకిందులుగా తపస్సు చేసినా మీ జాడ ఎవరికీ దొరకదు."

"ఎప్పటికీనా?"

"ఎప్పటికీ."

వెర్నా మొహంలో తేరుకున్న జాడ లేదు. టీ గ్లాసు అటూ ఇటూ జరిపింది గానీ తాగలేదు.

"మరి ఇక్కడే పెడితే?"

"అస్సలొద్దు. కంపెనీ నడిపేవాళ్ల పేరూ అడ్రసూ తీసుకెళ్లి ప్రభుత్వ వెబ్‌సైట్లో పెడతారు. చూడ్డానికి పైసా ఖర్చు లేదు. ఏ మూలనున్న వాళ్లయినా పేరు కొడితే చాలు, మీ గుమ్మం దాకా వచ్చేస్తారు."

"పాత ఇంటిపేరు కొడితే?"

"కంపెనీకి ఆ పేరు పెడితేనే వస్తుంది. పొరపాటున కూడా పెట్టకండి."

బయట కారు ఆగింది. వెర్నా సగం లేచింది. ముప్ఫై ఏళ్లుంటాయేమో, ఎవరో అమ్మాయి బట్టల మూట దించుకుని పక్కనున్న లాండ్రీలోకి వెళ్లింది. ఆమె వెనకాలే తలుపు పడేదాకా చూసి, వెర్నా కూలబడింది.

రోండా ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "భయపడకండి. ఇక్కడ మిమ్మల్ని ఎవరూ ఏమీ చెయ్యలేరు. వ్యోమింగ్ కాగితాలు తీస్తున్నాను, సరేనా?"

వెర్నా అయోమయంగా చూసింది. తర్వాత ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని మెల్లగా తట్టింది.

"నీది మంచి మనసు తల్లీ, కానీ కంపెనీ ఇక్కడే పెట్టు, నా పాత ఇంటిపేరుతోనే పెట్టు, ఇంటి నంబరు తప్పు పడకుండా చూడు, పదహారేళ్లప్పుడు నామీద అలిగి వెళ్లిపోయిన నా కూతురు గుమ్మం దాకా రావాలి."