ఒక రోజు గుండెచప్పుడు

"నేనంటించిన చోట లేవే ఇవి," అంది నర్సు, హిలారియోన్ ఛాతీ మీది తీగల బిళ్ళలు పీకుతూ.

"చెమటకి ఊడాయి. మా ఆవిడే మళ్ళీ అంటించింది."

గోడవారగా నిలబడ్డ కసిమీరా తలమీది టోపీ సర్దుకుంది.

నర్సు అతని నడుముకున్న చిన్న పెట్టె విప్పి లోపలికి పట్టుకుపోయింది. నిన్న పొద్దుటి నుంచి గుండె కొట్టుకున్న తీరంతా అందులో ఉంది. అది బాగుందని డాక్టరమ్మ చెబితేనే డ్రైవర్ల సంఘంవాళ్ళు అతనికి మళ్ళీ బస్సు ఇస్తారు. మట్టిగోడల పగుళ్ళలో దాగి రాత్రిళ్ళు నెత్తురు తాగే వించూకా పురుగు తెచ్చే జబ్బు అతని రక్తంలో ఉందని ఆమధ్యే తేలింది. అప్పట్నించీ కొండదారిలో అతని బస్సును ఇంకొకడు నడుపుతున్నాడు, గేర్లు అరిగేటట్టు.

హిలారియోన్ కిటికీ దగ్గరికి వెళ్ళాడు, వచ్చాడు. బయట హారన్ వినబడితే మళ్ళీ వెళ్ళాడు.

"కాలు కాలిన పిల్లిలా తిరక్కయ్యా. అంతా బాగానే ఉంటుంది," అంది కసిమీరా.

"నీకేం, ఎన్నయినా చెబుతావు."

అదే పురుగున్న గోడల మధ్య పుట్టినా ఆవిడ ఏనాడూ మంచమెక్కలేదు. దుంపల మూట వీపున కట్టుకుని కొండెక్కే మనిషి.

లోపలికి రమ్మన్నారు. డాక్టరమ్మ నోయెమి ముందున్న గీతల్లోంచి చాలాసేపు తలెత్తలేదు.

"నిన్న ఏం పని చేశావు?"

"పొలం పనే. దుంపలు తవ్వడం, మోయడం."

"మధ్యాహ్నం కళ్ళు తిరిగాయా?"

హిలారియోన్ భార్య వైపు చూశాడు.

"తిరిగాయి," అంది కసిమీరా. "గట్టు మీద కాసేపు కూలబడితే సర్దుకుంది. ఎండదెబ్బ."

"నిన్నడగలేదమ్మా. నీ మొగుడికి నోరు లేదా?"

"అది చెప్పిందే నిజం," అన్నాడు హిలారియోన్.

"ఎండ కాదు. అప్పుడు గుండె కొన్ని క్షణాలు ఆగిపోయింది. తెల్లవారుజామున ఇంకోసారి ఆగింది. లోపల బ్యాటరీ యంత్రం పెట్టించుకోకపోతే ఏదో ఒకరోజు ఆగింది ఆగినట్టే ఉంటుంది. బస్సు మాట మరిచిపో."

హిలారియోన్ చేతుల్లో టోపీ ఉండచుట్టుకుపోయింది.

"యంత్రం ఎక్కడ పెడతారు?"

"పట్నంలో. వచ్చేవారం పంపుతాను."

"ఇవాళే పంపండి డాక్టరమ్మా."

నోయెమి వింతగా చూసింది. "నాకే రోగమూ లేదని మొన్న నాతో పోట్లాడావు. స్టీరింగు లేకపోతే చస్తానన్నావు. ఇప్పుడు బస్సు ఊసే ఎత్తవేం?"

కసిమీరా అతని మోచెయ్యి గిల్లింది. "ఊరుకో. ఇంటికి పద."

అతను చెయ్యి విడిపించుకున్నాడు.

"ఆ గీతల్లో ఉన్న గుండె నాది కాదు, మా ఆవిడది."