చుక్కలు లేని జాగ

అడవిపందులు రాకుండ కావలికని జొన్నచేన్ల మంచె ఎక్కిన. వాన వెలిసి ఆకాశం నిండ చుక్కలున్నయి. నా నెత్తి మీద మాత్రం గొంగడి పరిసినంత జాగల ఒక్క చుక్క లేదు. దాని కింద కీచురాళ్లు గూడ అరుస్తలేవు.

గదేందో నాకెర్కే. మా తాత చెప్పిండు. అది దయ్యం గాదు, చుక్కల నడుమ లోకాలు పట్టుకొని తిరిగే ఆకలి. మనుషుల భయమే దాని బువ్వ. గత్తర రోగమొచ్చి జనం రాలిన నాడు ఇబ్రహీంపట్నం మీద దిగిందట. రజాకార్లు ఊర్ల మీద పడ్డసంది మళ్ల వచ్చింది.

పక్క చేను మంచె మీదికెల్లి నూరుద్దీన్ కూతేసిండు.

"ఓ ఇస్తారి అన్నా! నిజాం లొంగిండట! రజాకార్లు పారిపోయిన్రట!"

నా పానం నిమ్మళమైంది. నెత్తి మీద చుక్కలు మెల్లగ వెలిగినయి. జవాబు కూతేయబోయి ఆగిన. ఆ నల్లటి జాగ జరుక్కుంట పోయి నూరుద్దీన్ మంచె మీద నిలవడ్డది.

"తమ్మీ, నీకేం భయం పట్టుకున్నది?"

నూరుద్దీన్ మంచె అంచుకొచ్చిండు.

"రజాకార్ల మీది కోపం మా ఇండ్ల మీద తీస్తరంటున్నరన్నా. మా చెల్లె కరీమున్నీసా ఇంట్ల ఒక్కతే ఉన్నది."

"చెల్లెను తోలుకొని నా మంచె ఎక్కు. ఎవడొస్తడో నేను సూస్త."

ఇద్దరొచ్చిన్రు. నా గొంగడి చెల్లెకిచ్చిన. భయం తీరి నూరుద్దీన్ గురకపెట్టిండు. చేన్ల కీచురాళ్లు మొదలువెట్టినయి. మీదికి చూస్తే అన్ని చుక్కలే. హాయిగ ఊపిరి తీసుకున్న.

అప్పుడే ఊరి దిక్కు మొరుగుతున్న కుక్కలన్ని ఒక్కసారే ఊకున్నయి.