గిర్ని ముచ్చట

"అది ఆడోళ్ల తప్పు గాదు మేడం."

మీటింగు గదిలో అందరూ తలలు తిప్పి చూశారు. మాట్లాడింది అద్దాలు తుడుస్తున్న మనిషి.

సౌజన్యకు ఒళ్లు మండింది.

పల్లెల్లో ఆడవాళ్లు సొంతంగా వ్యాపారం పెట్టుకోవడానికి పిండి గిర్నీలు ఇప్పించే సంస్థ వాళ్లది. ఆఫీసు రాయదుర్గంలో, తొమ్మిదో అంతస్తులో ఉంది. సౌజన్య మేనేజరుగా చేరి ఆరు నెలలైంది. సగం గిర్నీలు ఏడాది తిరక్కుండానే మూతపడుతున్నాయనీ, ఆడవాళ్లకు శ్రద్ధ లేకపోవడమే కారణమనీ ఆమె అప్పుడే తన వాళ్లకు వివరిస్తోంది.

"మా దిక్కు ఓల్టేజి తక్కువుంటది. ఆ మోటర్లు తట్టుకోక కాలిపోతున్నయి. జర వేరే మోటరు పెట్టిస్తే..."

ఎవరో కిసుక్కున నవ్వారు. సౌజన్యకు తల కొట్టేసినట్టయింది.

"నీ పని తుడవడం. అది చెయ్యి చాలు."

ఆ మనిషి ఇంకేదో చెప్పబోయి, నోరు మూసుకుని, బకెట్ తీసుకుని వెళ్లిపోయింది.

సౌజన్య సూపర్‌వైజర్ పెంటయ్యను పిలిపించింది. ఆ తుడిచే మనిషి మళ్లీ తన కంట పడకూడదంది. పేరు కూడా అడగలేదు. పెంటయ్య బతిమాలాడు. పని మంచిగా చేస్తుందన్నాడు, ఈ ఒక్కసారికి చూసీచూడనట్టు వదిలేయమన్నాడు. సౌజన్య లాప్‌టాప్ నుంచి తల ఎత్తలేదు.

సాయంత్రానికల్లా ఆమె చేత యూనిఫారం విప్పించి పంపేశారు.

ఆ వారమే మరో ఐదు వందల గిర్నీలు పల్లెలకు బయల్దేరాయి. అవే మోటర్లతో.

పది రోజుల తర్వాత రంగనాథ్ గారు వచ్చారు. సంస్థకు మొదటినుంచీ అండగా ఉన్న దాత ఆయన. మొట్టమొదటి గిర్ని తీసుకున్నామెతో ఒకసారి మాట్లాడాలని ఉందన్నారు.

సౌజన్య పాత ఫైలు తీయించింది. పేరు బాలమ్మ. జహీరాబాద్ దగ్గర పల్లె. ఆమె ఊరూరా తిరిగి ధైర్యం చెప్పబట్టే చుట్టుపక్కల నలభై మంది ఆడవాళ్లు గిర్నీలు పెట్టారని అందులో రాసి ఉంది.

సౌజన్య ఉత్సాహంగా స్పీకర్‌లో ఫోన్ కలిపింది. కూతురు ప్రవళిక ఎత్తింది.

గిర్ని ఎలా నడుస్తోందని సౌజన్య అడిగింది.

"కాలిపోయి రెండేండ్లాయె మేడం. ఎందుకు కాలుతున్నయో చెప్దామని అమ్మ మూడుసార్లు మీ ఆఫీసుకొచ్చింది. గేటు కాడనే ఆపిన్రు."

రంగనాథ్ గారు కుర్చీలో ముందుకు జరిగారు.

సౌజన్య గొంతు సవరించుకుంది. రేపే రమ్మనమనీ, తానే కిందికొచ్చి వెంటబెట్టుకుని తీసుకెళ్తాననీ చెప్పింది.



"ఇగ రాదు మేడం. ఎట్లన్న లోపటికొచ్చి చెప్పాలనే మీ తొమ్మిదో అంతస్తుల ఊడ్చే పనికి చేరింది, మొన్న తీసేసిన్రు."